వారానికి ఒక్క థెరపీ సరిపోతుందా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. ఆటిజం ఉందన్నారు. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక్కసారే థెరపీ ఇస్తున్నారు. ప్రైవేటుకు వెళ్లే స్తోమత లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: ఆ ఒక్క సెషన్‌తోనే సరిపెట్టుకోకండమ్మా. స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీలను వేర్వేరు రోజుల్లో ఇవ్వమని ఆసుపత్రిలోని జిల్లా సత్వర చికిత్సా కేంద్రం (డైక్) మేనేజర్‌ను రాతపూర్వకంగా అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆ సేవలు ఉచితం. సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ (ఎన్ఐఈపీఐడీ)లో ఆరేళ్లలోపు పిల్లల కోసం 2021లో సత్వర చికిత్సా కేంద్రం తెరిచారు. ఒకసారి అక్కడ పరీక్ష చేయించి, ఇంట్లో చేయించాల్సినవి రాయించుకోండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. అది వచ్చాక నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమాలో చేర్చండి. ఏటా లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది. థెరపీ ఖర్చుకు అందులోనే విడిగా పరిమితి ఉంది. బిల్లులన్నీ దాచండి. ధ్రువపత్రం ఇంకా రాలేదని థెరపీ మాత్రం ఆపొద్దు.

సెషన్‌లో మీరూ కూర్చుని నేర్చుకోండి. స్నానం, అన్నం, ఆట వేళల్లో రోజూ అవే చేయించండి. బాబు నీళ్లు చూపించి అడిగేదాకా కాసేపు ఆగి ఇవ్వడమూ సాధనే.