బొమ్మలతో మనసు విప్పించే కొలువు

బొమ్మలు బాగా వేస్తారా? పిల్లలతో ఓపిగ్గా ఉండగలరా? అయితే ఆటిజం ఉన్నవారికి తోడ్పడే ఆర్ట్ థెరపీ వైపు నల్లగొండ, పాలమూరు విద్యార్థులూ చూడొచ్చు. కానీ నేరుగా అందులోకి దూకొద్దు. ముందు స్పెషల్ ఎడ్యుకేషన్ లేదా సైకాలజీ, ఆ తర్వాతే ఆర్ట్ థెరపీ. ఈ వరసే మేలు.

పని ఎలా ఉంటుంది?

ఆటిజం ఉన్న చాలామందికి కోపం, భయం, సంతోషం మాటల్లో చెప్పడం కష్టం. రంగులు, మట్టి, కాగితంతో ఆ పని కొంత తేలికవుతుంది. ఇది డ్రాయింగ్ క్లాసు కాదు, బొమ్మకు మార్కులుండవు. తడిమట్టి ముట్టనంటే బలవంతపెట్టరు. పొడి ఇసుకో, బ్రష్షో ఇస్తారు. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు పూలను రంగులవారీగా పేర్పించినా మంచి సాధనే. పిల్లవాడు ఏ రంగు అందుకున్నాడు, ఎప్పుడు కాగితం చింపాడు, ఎప్పుడు కుదురుగా కూర్చున్నాడు అన్నవి థెరపిస్టు రాసిపెట్టుకోవాలి. నల్లరంగు పూసినంత మాత్రాన దిగులుగా ఉన్నాడని తేల్చేయకూడదు.

ఏం చదవాలి?

రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) నమోదు చేసే వృత్తుల్లో ఆర్ట్ థెరపిస్టుకు ప్రత్యేక విభాగం లేదు. స్పెషల్ టీచర్, క్లినికల్ సైకాలజిస్టు విభాగాలు ఉన్నాయి. ఇంటర్ అయ్యాక రెండేళ్ల స్పెషల్ డీఎడ్, డిగ్రీ అయ్యాక స్పెషల్ బీఎడ్ చేయొచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఈ రంగంలో పెద్దపేరు. బొమ్మల మీదే మక్కువ ఉంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్ఏ చేసి, తర్వాత సైకాలజీ వైపు రావొచ్చు. అదే బ్రిటన్‌లో ఆర్ట్ థెరపిస్టుగా పనిచేయాలంటే పీజీ స్థాయి శిక్షణ, అక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అవకాశాలెక్కడ?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతుల్లో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసింది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు, స్పెషల్ స్కూళ్లు, ప్రైవేటు థెరపీ సెంటర్లలో పని దొరుకుతుంది. ఉద్యోగం స్పెషల్ టీచర్‌గా వస్తుంది, బొమ్మల నేర్పు అక్కడ అదనపు బలం.

ఆర్ట్ థెరపీ ఆటిజాన్ని నయం చేయదు, తల్లిదండ్రులకు అలాంటి మాట ఇవ్వొద్దు. వారం రోజుల సర్టిఫికెట్‌తో థెరపిస్టు అయిపోవచ్చనే ప్రకటనలూ నమ్మొద్దు. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.