సారా అంగడి మూయించిన రాత్రి బడి

ఉప్పు సత్యాగ్రహం పాఠం అందరమూ చదివినాము. ఉద్యమం అంటే పెద్ద నాయకులు చేసేది, మనం పరీక్షకు బట్టీ పట్టేది అని చాలామంది అనుకుంటా ఉంటారు. అందుకే ఈసారి మన గోడ పత్రికలో వేరే పాఠం రాస్తున్నాను. ఇది పాత చిత్తూరు జిల్లాకు ఆనుకొని ఉన్న నెల్లూరు జిల్లాలో జరిగింది. చేసినవాళ్లు కూలికి పోయే ఆడవాళ్లు. వాళ్లలో చాలామంది అప్పుడప్పుడే పలక పట్టి అక్షరాలు దిద్దుతున్నవాళ్లు.

1. దూబగుంటలో ఏం జరిగింది?

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట అని ఒక పల్లె ఉంది. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా పని చేసుకొని, రాత్రి లాంతరు వెలుతురులో ఆడవాళ్లు చదువుకునేవాళ్లు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని తాగుడు వల్ల పాడైన ఒక సంసారం కథ ఉండేది. అది చదివినాక "ఇది మన ఇంటి కథే కదా" అనే మాట బయటికి వచ్చింది. ఇంట్లో ఎవరికి వాళ్లు దిగమింగుకునే బాధ, పదిమందీ ఒక చోట కూర్చునేసరికి ఊరి సమస్య అయింది.

వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడినారు. ఆడవాళ్లంతా కలిసి పోయి సారా అంగడి మూయమన్నారు. సరుకు తెచ్చే బండిని ఊళ్లోకి రానీలేదు. అంగడి మూతపడింది. తర్వాత ఈ దూబగుంట కథనే "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠంగా కొత్తగా చదువు నేర్చినవాళ్ల పుస్తకంలో పెట్టినారు. వేరే ఊళ్ల ఆడవాళ్లు ఆ పాఠం చదివి "వాళ్లు చేయగా లేనిది మనం చేయలేమా?" అనుకున్నారు. అట్ల ఒక ఊరి సంగతి 1992లో జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా పాకింది. జన విజ్ఞాన వేదిక, మహిళా సంఘాలు, పేపర్లు తోడు నిలిచినాయి.

2. వేలంపాటనే ఎందుకు ఆపినారు?

ఇది బాగా గమనించాల్సిన విషయం. ఆ రోజుల్లో సారా దొంగ వ్యాపారం కాదు. ప్రభుత్వమే వేలంపాట పెట్టేది. పాట దక్కించుకున్న కాంట్రాక్టరు ఆ ప్రాంతంలో సారా అమ్ముకునేవాడు. ఎంత ఎక్కువకు పాడితే అంత ఎక్కువ అమ్మాలి, అప్పుడే లాభం. అందుకే పల్లె పల్లెకూ సారా ప్యాకెట్లు వచ్చేవి. గుడికి, బడికి దారి లేని ఊరికి కూడా సారా బండి వచ్చేది. రాష్ట్రానికి ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలుంటే, 1991-92 నాటికి 800 కోట్లు దాటింది.

ఊళ్లో అంగడి మూయిస్తే పక్క ఊరికి పోయి తాగుతారు. పక్క ఊరిలోనూ మూయిస్తే కాంట్రాక్టరు మళ్లీ పోలీసులతో వస్తాడు. వేరు ఎక్కడుందో ఆడవాళ్లు కనుక్కున్నారు. వేలం జరిగితేనే కదా సారా వచ్చేది! అందుకని వందల ఊళ్ల నుంచి నెల్లూరికి పోయి వేలం జరిగే చోట బైఠాయించినారు. పాట పదే పదే వాయిదా పడింది. పాడే వాడికే ధైర్యం చాలలేదు. ఊరు ఊరంతా కొనం, అమ్మనీయం అంటే ఆ పాట దక్కించుకొని ఏం చేసుకుంటాడు?

3. శాంతితో చేసే పోరాటం ఎట్ల గెలుస్తుంది?

కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు చీపుర్లు, కారం పొడి పట్టుకున్న మాట నిజమే. తాగి వచ్చినవాళ్ల మీద చేయి చేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. కానీ ఉద్యమం గెలిచింది దాని వల్ల కాదు. కొట్టి గెలవాలంటే పోలీసుల దగ్గర, కాంట్రాక్టరు మనుషుల దగ్గర లాఠీలు ఎక్కువ. ఆడవాళ్ల దగ్గర ఎక్కువ ఉన్నది మనుషులు. ముసలమ్మ, చంటిబిడ్డ తల్లి కూడా వచ్చి కూర్చోగలిగే పోరాటం అయితేనే అంతమంది వస్తారు. పోట్లాట అయితే వయసు పిల్లోళ్లు నలుగురే మిగులుతారు.

అమెరికాలో కూడా ఇదే జరిగింది. 1955 డిసెంబరులో మాంట్‌గొమరీ అనే పట్నంలో, బస్సుల్లో తమను వేరుగా కూర్చోబెడుతున్నారని నల్లజాతి ప్రజలు బస్సు ఎక్కడం మానేసినారు. 381 రోజులు నడిచినారు, ఒకరి కార్లలో ఒకరు పనికి పోయినారు. చివరికి కోర్టు ఆ పద్ధతి చెల్లదంది. పనికి పోయే దారి ముందే చూసుకోకపోయి ఉంటే పది రోజులకే మళ్లీ బస్సెక్కేవాళ్లు. కోపం ఒక రోజుకు చాలుతుంది. ఏడాదికి ఏర్పాటు కావాలి.

4. గెలిచినాక ఏం నిలిచింది?

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు ఇచ్చిన మాట ప్రకారం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. కానీ 1997లో దానిని ఎత్తేసినారు. ఖజానాకు రాబడి పోయిందన్నారు, సరిహద్దు దాటి దొంగ సరుకు వస్తోందన్నారు. సారా నిషేధం మాత్రం ఎత్తేయలేదు.

ఎందుకీ తేడా? నాకు తోచింది రాస్తున్నాను. సారా నిషేధం వెనుక ప్రతి ఊళ్లోనూ కాపలా కాసిన ఆడవాళ్లున్నారు. రెండోది పై నుంచి వచ్చింది. దానిని నిలబెట్టే బరువు పోలీసుల మీద, ఆఫీసుల మీద పడింది. జనం మోయని చట్టం ఎక్కువ కాలం నిలబడదు.

ఇంకొకటి కూడా నిలిచింది. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, దానిని రోజుకొక రూపాయి చొప్పున దాచుకుందామని నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు పెట్టినారు. ఈ రోజు మన అమ్మలు డ్వాక్రా గ్రూపు మీటింగుకు పోతున్నారంటే, ఆ పొదుపు ఊపు కూడా అందులో ఉంది. రోశమ్మ 2016లో చనిపోయింది. గ్రూపులు నడుస్తానే ఉన్నాయి.

5. మనకు ఇందులో ఏముంది?

సారా నిషేధం ఉంది కదా అని నాటుసారా పోలేదు. 2025 అక్టోబరులో మన ములకలచెరువు దగ్గరే నకిలీ మద్యం తయారయ్యే చోటు పట్టుబడిన సంగతి పేపర్లలో వచ్చింది. మన తండాల్లో, యానాది కాలనీల్లో తాగుడు వల్ల పండక్కి ఇంటికి పోవాలంటేనే దిగులు పడే పిల్లలు మన హాస్టల్లోనే ఉండొచ్చు. ఎవరో చెప్పనక్కరలేదు.

ఒక మాట జాగ్రత్తగా చూడాలి. సారా కాసేవాళ్లు మన బంధువులే కావచ్చు. వాన లేక, చేను లేక, వేరే పని దొరకక కాస్తున్న మనిషిని ఊరి శత్రువు చేస్తే ఊరు రెండుగా చీలిపోతుంది. కుండ పగలగొట్టడం సులభం, మర్నాడు ఆ ఇంట్లో అన్నం ఎట్ల ఉడుకుతుందని అడగడం కష్టం. ఆ రెండో ప్రశ్న అడిగే ఊరిలోనే మార్పు నిలుస్తుంది. గొర్రెలకో, బర్రెలకో అప్పు ఇప్పించే గ్రూపు, ఉపాధి హామీ పని అడిగి తెచ్చే పెద్దమనిషి, ఇవన్నీ ఉద్యమంలో భాగమే.

పిల్లలం మనం పోయి అంగళ్ల ముందర నిలబడాల్సిన పని లేదు. మనకు చదువు వచ్చు. దూబగుంట మొదలైంది ఒక పాఠం గట్టిగా చదవడంతోనే. ఈ పాఠం ఇంటికి తీసుకపోయి అమ్మకూ, అవ్వకూ, గ్రూపు లీడరుకూ చదివి వినిపించండి. సార్లు, వార్డెను గారు కూడా దీని మీద ఒక ఆదివారం చర్చ పెట్టించాలని కోరుతున్నాము.

ఆలోచించి జవాబులు రాయండి

1. ఊళ్లో అంగడి మూయించినాక కూడా ఆడవాళ్లు నెల్లూరికి ఎందుకు పోయినారు?
2. 1997లో ఏది పోయింది, ఏది నిలిచింది? కారణం మీ మాటల్లో రాయండి.
3. మీ ఊళ్లో అందరినీ బాధపెట్టే సమస్య ఒకటి చెప్పండి. దాని వేరు ఎక్కడుంది? దాని గురించి మొదట ఎవరితో కూర్చుని మాట్లాడతారు?
4. సెలవులకు పోయినప్పుడు మీ అవ్వను అడగండి: 1992లో మన ఊళ్లో సారా అంగడి ఉండేదా? ఎట్ల పోయింది? రాసుకొని రండి, వచ్చే పత్రికలో వేద్దాము.