శిలీంధ్ర గర్భమందలి సూక్ష్మజీవి

వరి నారు మొలకెత్తిన కొలది దినములకే వేళ్ల కొనలుబ్బి మొక్క వాడి చచ్చు తెగులొకటి కలదు. జపానునందు పెట్టెలలో నారు పెంచు రైతులకిది పరిచితమే. నేలయందలి రైజోపస్ మైక్రోస్పోరస్ అను శిలీంధ్రము దీనికి కారణమనియు, రైజాక్సిన్ అను విషము వేళ్ల కణవిభజనను ఆపుననియు 1980వ దశకమున అచ్చటి శాస్త్రజ్ఞులు తెలిపిరి. పాఠశాలలలో రొట్టెపై బూజుగా మేము పిల్లలకు చూపుదానికిది దాయాది.

2005లో జర్మనీలోని యేనా నగరమున లైలా పార్టిడా మార్టినెజ్, క్రిస్టియన్ హెర్ట్‌వెక్ అనువారు నేరమును వేరొకరిపై మోపిరి. విషమును చేయునది బూజు కాదు. దాని కణములలో కాపురముండు బాక్టీరియా! సిప్రోఫ్లాక్సాసిన్ మందుతో బాక్టీరియాను చంపగా బూజునందు విషము కానరాలేదు.

అట్లయిన ఆ విషము ఆశ్రయమిచ్చిన బూజునేల చంపదు? రైజాక్సిన్ పట్టుకొనునది ట్యూబులిన్ అను మాంసకృత్తును. ఈ బూజునందలి ట్యూబులిన్ కొంచెము భిన్నమైనది. విషమునకు పట్టు చిక్కదు.

ఈ చెలిమికి వెలయు కలదు. బాక్టీరియా లేని బూజు దారములుగా పెరుగునే గాని సిద్ధబీజములను పుట్టింపజాలదని 2007లో వారే చూపిరి. సంతానమునకు అతిథిని ఆశ్రయింపవలసినదే. ఆ బీజములలోనే బాక్టీరియాయు కూర్చుండి క్రొత్త మడికి తరలిపోవును.