ఆలివ్ రిడ్లే తాబేలు – కృష్ణజింక: ఒక పోలిక

చెన్నై నగరంలో రెండు అరుదైన వన్యప్రాణులను నేటికీ చూడవచ్చు. ఒకటి తీరానికి వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు. రెండవది గిండీ జాతీయ ఉద్యానవనంలోని కృష్ణజింక. ఇదే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు.

వర్గీకరణ: రెండూ వెన్నెముక గల జీవులే; అంతకు మించిన దగ్గరి సంబంధం లేదు. తాబేలు సరీసృపం. ఇసుకలో గుడ్లు పెట్టి సముద్రానికి మరలిపోతుంది, పిల్లలను సాకదు. కృష్ణజింక క్షీరదం, ఆవు, మేకలు గల బోవిడే కుటుంబానికి చెందినది. పిల్లకు పాలిచ్చి పెంచుతుంది.

పరిరక్షణ స్థితి: అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో తాబేలు ‘దుర్బల’ శ్రేణిలోను, కృష్ణజింక ‘తక్కువ ఆందోళన’ శ్రేణిలోను ఉన్నాయి. ఆ జాబితా అంతరించే ప్రమాదాన్ని అంచనా వేస్తుంది. అది చట్టం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం రెండింటినీ మొదటి షెడ్యూలులోనే చేర్చింది. కనుక ‘తక్కువ ఆందోళన’ అన్నంత మాత్రాన వేటకు అనుమతి ఉన్నట్లు కాదు.

పౌరుల బాధ్యత: గుడ్ల నుండి వెలువడిన తాబేలు పిల్లలు వెలుగును బట్టి సముద్రపు దిక్కును గుర్తిస్తాయి, వీధి దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. పారవేసిన ప్లాస్టిక్ సంచులు జింకల కడుపులో చేరి ప్రాణం తీయగలవు. జనవరి నుండి మే వరకు రాత్రివేళ తీరం వైపు దీపాలు ఆర్పడం, ఉద్యానవనం వద్ద చెత్త వేయకపోవడం ప్రతి కుటుంబానికీ సాధ్యమే.