మోక్షపు తోటలో పది దినములు: శ్వాస నేర్పిన పాఠము



మన ఆలయపు ఆదివారపు తరగతిలో పిల్లలకు ‘ధ్యానము’ అను మాటకు అర్థము చెప్పవలసి వచ్చినప్పుడెల్ల నేను నల్లబల్లపై ‘మనస్సును ఒక్కచోట నిలుపుట’ అని వ్రాసెడివాడను. వ్రాసినవాడనే గాని నిలిపినవాడను గాను. కన్నులు మూసికొని అయిదు నిమిషములు కూర్చుండుడని పిల్లలకు చెప్పి, ఆ అయిదు నిమిషములును నేను గడియారము చూచుచుండెడివాడను.

2017లో మా అమ్మ కాలము చేసెను. ఆమె చివరి నెలలలో ఎవరి యింట ఉండవలెనను విషయమున నాకును నా తమ్మునికిని మాట పెరిగెను. కర్మకాండ ముగిసిన పిదప మేము మాటలాడుకొనలేదు. ఆ యేడాది నాకు నిద్ర సరిగా పట్టలేదు. పాఠశాలలో నాతో పనిచేసిన చీనా ఉపాధ్యాయులొకరు నా స్థితి చూచి, థాయిలాండులోని ఒక బౌద్ధాశ్రమమున జరుగు పది దినముల ధ్యాన శిబిరమును గూర్చి చెప్పిరి. వెళ్లుటకు నిశ్చయించుకొంటిని. ఆ సంగతి విని మన ఆలయపు పెద్ద ఒకరు, “మాస్టరుగారూ, మన రాముడు చాలలేదా మీకు?” అని అడిగిరి. నవ్వుచు అడిగినను అది తేలిక ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు జవాబుగా, వెళ్లగోరువారికి పాఠముగా, ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

1. స్థలము, స్థాపకుడు

ఆ ఆశ్రమము పేరు సువాన్ మోఖ్. థాయిలాండు దక్షిణభాగమున, సూరత్ థానీ మండలములో, చైయా పట్టణమునకు చేరువను ఉన్నది. థాయి భాషలో ‘సువాన్’ అనగా తోట. ‘మోఖ్’ అనగా మన మోక్షమే. మన తాతలు రబ్బరు తోటలకును కొబ్బరి తోటలకును వచ్చిరి. ఇది మోక్షపు తోట.

దీనిని 1932లో స్థాపించినవారు బుద్ధదాస భిక్షువు. వీరు 1906లో చైయా ప్రాంతముననే జన్మించి, 1926లో భిక్షువై, 1993లో పరమపదించిరి. పెద్ద ఆలయములు, ఆడంబర పూజలు, పుణ్యమును లెక్కించుకొను అలవాటు, వీనికంటె బుద్ధుని మూల బోధలను చదివి ఆచరించుటయే ముఖ్యమని వీరు చెప్పిరి. ‘నేను, నాది’ అను పట్టుదలయే దుఃఖమునకు మూలమనునది వీరి బోధ యంతటికి సారము. విదేశీయుల కొరకు, రాజమార్గమునకు ఆవల, ప్రత్యేకముగా ఒక అంతర్జాతీయ ధర్మాశ్రమము ఏర్పడినది. అచట బోధ ఆంగ్లభాషలో జరుగును.

మన మలేసియా నుండి పోవువారికి దారి సులభము. పడాంగ్ బెసార్ వద్ద సరిహద్దు దాటి, హాట్ యాయ్ మీదుగా ఉత్తరమునకు పోవు రైలెక్కి చైయా స్టేషనులో దిగవచ్చును. అచటి గడియారము మన గడియారముకంటె ఒక గంట వెనుక నుండును. నేను 2018 నవంబరు 30వ తేదీన చేరితిని. అది ఆ తీరమున వానకాలము. పది దినములలో ఏడు దినములు కొబ్బరి మట్టలపై వాన చప్పుడు వినుచునే కూర్చుంటిమి.

2. దినచర్య

తెల్లవారుజామున నాలుగు గంటలకు గంట మ్రోగును. నాలుగున్నరకు అందరును ధ్యానమందిరము చేరవలెను. కొంత పఠనము, కొంతసేపు ధ్యానము, పిదప యోగాభ్యాసము. ఎనిమిది గంటలకు ఉదయపు భోజనము. తరువాత ఒక్కొక్కరికి ఒక్కొక్క పని. నాకు వచ్చినది భోజనశాల యూడ్చుట. ఆపైన ధర్మోపన్యాసము, నడక ధ్యానము, కూర్చుండి చేయు ధ్యానము ఒకదాని వెంట ఒకటి సాగును. పండ్రెండున్నరకు రెండవ భోజనము. అదియే ఆ దినమునకు కడపటిది. రెండు పూటలును శాకాహారమే. సాయంకాలము అయిదు గంటలకు పాళి భాషలో పారాయణము. ఆపైన వేడి పానీయము. ఆశ్రమములో వేడినీటి ఊటలు కలవు. స్త్రీలకు, పురుషులకు వేరువేరుగా. రాత్రి తొమ్మిది గంటలకు శయనము.

పడక సిమెంటు తిన్నె. దానిపై చాప, దోమతెర. తలగడ కొయ్యతో చేసినది. స్నానము ఆరుబయట తొట్టియొద్ద, లుంగీ కట్టుకొని చెంబుతో పోసికొనుట. యువకులు కొందరు ఆ తొట్టిని చూచి నివ్వెరపోయిరి. ఎస్టేటు లైను ఇండ్లలో పెరిగిన నాకు అది చిన్ననాటి స్నానమే.

మొదటి దినము గంట విన్నప్పుడు మా అవ్వ జ్ఞప్తికి వచ్చెను. ఆమె పేరాక్ రాష్ట్రములోని ఒక తోటలో రబ్బరు పాలు గీచెడిది. తెల్లవారకమునుపే తోట గంట మ్రోగును. హాజరు పిలుపునకు పోయి వరుసలో నిలువవలెను. ముప్పది యేండ్లు ఆమె పరుల గంటకు లేచినది. తనకై లేచి, తనకై ఒక్క గడియ మౌనముగా కూర్చుండు భాగ్యము ఆమెకు కలుగలేదు. ఆమె మనుమడనైన నాకు పది దినములు కలిగినవి. ఆ తలంపు వచ్చిన పిదప గంటపై విసుగు పోయినది.

3. అందరితో కూడి మౌనము

శిబిరములో సంభాషణ, టెలిఫోను, చదువు మూడును నిషిద్ధములు. ‘మౌనము ఇంటిలోనే పాటింపవచ్చును గదా, అంత దూరమేల?’ అని మీరు అడుగవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. మూడవ నాడు మోకాళ్లు మండిపోయినవి. మనస్సులో తమ్మునితో వాదము ఎడతెగక సాగుచుండెను. నేనే వాదిని, నేనే న్యాయాధిపతిని. మధ్యాహ్నము గదికి పోయి సంచి సర్దుకొంటిని.

ధ్యానమందిరములో నా ప్రక్కన ఒక వృద్ధుడు కూర్చుండెడివారు. నేలపై కూర్చుండలేక చిన్న పీటపై కూర్చుండెడివారు. గంటకు మునుపే వచ్చి, గంట తరువాతనే లేచెడివారు. సంచితో బయలుదేరిన నేను, ఆయన వానలో గొడుగు పట్టుకొని మెల్లగా మందిరమునకు పోవుట చూచితిని. వెనుకకు పోయి సంచి విప్పితిని. ఆయన పేరు, దేశము నాకు నేటికిని తెలియవు. ఒక్క మాటయైన లేకయే ఒకరి నిలకడ మరియొకరిని నిలుపును. మన భజనలో గొంతు కలుపుట యెట్టిదో, అచట మౌనము కలుపుట అట్టిది.

4. నేర్పు విద్య: ఆనాపానసతి

‘ఆన’ అనగా ఉచ్ఛ్వాసము, ‘అపాన’ అనగా నిశ్వాసము, ‘సతి’ అనగా స్మృతి, అనగా ఎరుక. లోనికి పోవు శ్వాసను, బయటికి వచ్చు శ్వాసను ఎరుకతో గమనించుటయే ఆనాపానసతి. పాళి సూత్రములలో మజ్ఝిమనికాయమున ఇది పదునారు మెట్లుగా చెప్పబడినది. వానిని నాలుగేసి చొప్పున నాలుగు వర్గములుగా నేర్పుదురు.

మొదటి వర్గము కాయమునకు సంబంధించినది: దీర్ఘశ్వాసను దీర్ఘమనియు, హ్రస్వశ్వాసను హ్రస్వమనియు ఎరుగుట, దేహమంతయు ఎరుకలోనికి తెచ్చుకొనుట, దేహమును శాంతింపజేయుట. రెండవది వేదనలకు సంబంధించినది. ఇచట వేదన యనగా బాధ మాత్రమే కాదు. సుఖమైనను దుఃఖమైనను, కలుగు అనుభూతి యంతయు వేదనయే. మూడవది చిత్తమును గూర్చినది: చిత్తము ఏ స్థితిలో నున్నదో చూచి, దానిని ప్రసన్నము చేసి, ఏకాగ్రము చేసి, విడిపించుట. నాలుగవది ధర్మమును గూర్చినది: సర్వమును అనిత్యమని చూచుట, ఆసక్తి వెలిసిపోవుట, నిరోధము, చివరకు ‘పటినిస్సగ్గ’.

ఈ కడపటి మాటకు అర్థము తిరిగి ఇచ్చివేయుట. ప్రకృతిసొత్తును ‘నాది’ యని దొంగిలించి దాచుకొన్నవారము మనము. దానిని తిరిగి అప్పగించుటయే కడపటి మెట్టు అని బుద్ధదాస భిక్షువు బోధించిరి. ఎనిమిదవ నాడు ఈ ఉపన్యాసము విన్నప్పుడు ‘మా అమ్మ’ అని నేను ఒక్కడినే పట్టుకొని కూర్చున్న సంగతి నాకు కనబడినది. తమ్మునికిని ఆమె అమ్మయే గదా. ఆ రాత్రి వాదము తగ్గినది. పూర్తిగా పోయినదని చెప్పను.

మరియొక చిన్న సంగతి. మా అవ్వ ‘పున్నెము’ అనెడిది. ఆలయ తరగతిలో ‘పుణ్యము’ అని నేర్చుకొన్న నేను ఆమె మాటను పలుమార్లు దిద్దితిని. సాయంకాలపు పారాయణములో పాళి మాట ‘పుఞ్ఞ’ చెవిని బడినప్పుడు సిగ్గుపడితిని. అవ్వ మాట తప్పు కాదు. ప్రాకృతపు బాటలో మన నోటికి వచ్చిన పాత మాట. ‘సిరి’, ‘అచ్చెరువు’ కూడ అట్టివే.

5. చైయాలో అమరావతి

పదునొకండవ తేదీ ఉదయమున శిబిరము ముగిసినది. ప్రధానాశ్రమమునకు పోయి అచటి ఆధ్యాత్మిక రంగశాలను చూచితిని. దాని గోడలపై సాంచీ, భర్హుత్, అమరావతి శిల్పముల ప్రతిరూపములు చెక్కబడియున్నవి. అమరావతి యనగా కృష్ణాతీరమున శాతవాహనుల కాలమున వర్ధిల్లిన ధాన్యకటకపు మహాస్తూపము. దాని శిలలలో పెక్కు నేడు చెన్నై, లండను నగరముల ప్రదర్శనశాలలలో ఉన్నవి. పూర్వపు శిల్పులు బుద్ధుని రూపమును చెక్కక, ఆయన యున్నచోట ఖాళీ ఆసనమును, పాదముద్రలను, బోధివృక్షమును, ధర్మచక్రమును చూపిరి. ‘నేను’ అను పట్టును విడిచినవానిని చూపుటకు ఖాళీ ఆసనముకంటె తగినది లేదని నాకు తోచినది.

తెలుగు నేలకు ఈ ధర్మము పరాయిది కాదు. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండలో సింహళ విహారము ఉండెడిదని అచటి శాసనము చెప్పుచున్నది. అయిదవ శతాబ్దమున సింహళములో వ్యాఖ్యలు రచించిన బుద్ధఘోషుడు ‘అంధకట్ఠకథ’ యను ఆంధ్రదేశపు వ్యాఖ్యను పేర్కొనెను. కంగాణీలు మన పెద్దలను ఓడ యెక్కించుటకు ఎన్నో శతాబ్దములకు మునుపే తెలుగు నేల నుండి ధర్మము సముద్రము దాటినది.

6. మన మతమునకు భంగమా?

ఇప్పుడు పెద్దలడిగిన ప్రశ్నకు వత్తును. శిబిరములో నన్ను మతము మార్చుకొమ్మని ఎవరును కోరలేదు. అయినను ‘అన్నియు ఒక్కటే’ యని చెప్పి తప్పించుకొనుట సత్యము కాదు. మనము భగవంతుని శరణు వేడుదుము. ఆత్మ శాశ్వతమని నమ్ముదుము. బౌద్ధము ‘అనత్త’ యని, శాశ్వతమైన ఆత్మ లేదని బోధించును. ఈ భేదము పెద్దది. దానిని నేను పరిష్కరింపలేను. కాని శ్వాసను గమనించుటకును, కోపము పుట్టునప్పుడే దానిని చూచుటకును ఆ భేదము అడ్డు రాలేదు. తిరిగివచ్చిన తరువాతి శనివారము భజనలో కూర్చున్నప్పుడు, రామనామము పెదవిపై కాక చెవిలో వినబడినది. రాముడు చాలలేదని కాదు; నేనే రామునికి చాలినంతగా నిలువలేదు.

7. వెళ్లగోరువారికి సూచనలు

శిబిరములు నెల మొదటి పది దినములలో జరుపుట ఆశ్రమపు సంప్రదాయము; అయినను ముందుగా వారిని విచారించి తేదీలు, నియమములు తెలిసికొనవలెను. పదిదినములు పూర్తిగా ఉండగలిగినప్పుడే పోవలెను. వదులైన, నిండైన వస్త్రములు, లుంగీ, చేతిదీపము, దోమలమందు తీసికొనిపోవలెను. తీవ్రమైన మనోవ్యాధి గలవారు, నిత్యము మందులు వాడువారు వైద్యుని అడుగక పోరాదు. బయలుదేరుటకు మునుపు నెల దినములు ఇంటివద్ద దినమునకు పదిహేను నిమిషములు కూర్చుండుట అలవరచుకొన్నచో మోకాళ్లు మిమ్ము దీవించును.

మా అమ్మ ఇత్తడి చెంబు నాయొద్ద ఉండెడిది. ఇంటికి చేరిన వారమునకు దానిని తోమి, తమ్ముని యింటికి తీసికొనిపోయి ఇచ్చితిని. మేము ఎక్కువ మాటలాడలేదు. అతడు దానిలో నీళ్లు పోసి అమ్మ పటము ముందర పెట్టి, “అన్నా, అన్నము తిని పో” అనెను. తింటిని.

ఆలోచనకు ప్రశ్నలు

1. మీ యింటి పెద్దలు ఏ గంటకు లేచెడివారు? వారిని అడిగి వ్రాసికొనుడు.
2. ‘వేదన’ అను మాటకు మన వాడుకకును బౌద్ధ వాడుకకును గల భేదమేమి?
3. అమరావతి శిల్పి ఆసనమును ఖాళీగా ఏల చెక్కెను?
4. మీరు తిరిగి ఇచ్చివేయవలసినది ఏదైనను కలదా?