రాయికి నీళ్లంటే ఇష్టమా? నూనె అంటే ఇష్టమా?

ఈసారి భోజనం అయ్యాక కంచం కడిగేటప్పుడు గమనించండి. శుభ్రంగా ఉన్న చోట నీళ్లు పలుచగా పరుచుకుంటాయి. కూర జిడ్డు ఉన్న చోట బొట్లు బొట్లుగా విడిపోతాయి. భూమిలో చమురు దాగిన రాళ్ల సంగతీ ఇంతే.

చమురు నేల కింద చెరువులా ఉంటుందని చాలామంది అనుకుంటారు (ఇంటర్ దాకా నేనూ అంతే). నిజానికి అది ఇసుకరాయి, సున్నపురాయిలోని సన్నని రంధ్రాల్లో ఉప్పునీటితో కలిసి ఉంటుంది. రంధ్రాల్లో నీరెంతో తెలిస్తే, మిగిలింది చమురో గ్యాసో అన్నమాట. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది, చమురులో పారదు. అందుకే బావిలోకి పరికరం దించి విద్యుత్ నిరోధం కొలుస్తారు. ఆ కొలత నుండి నీటి శాతం కట్టే సూత్రాన్ని 1942లో ఆర్చీ అనే అమెరికా ఇంజనీరు ప్రకటించాడు.

తిరకాసు ఇక్కడే ఉంది. నీటికి తడిసే రాయిలో నీరు రేణువుల చుట్టూ పొరలా అల్లుకొని కరెంటుకు దారి ఇస్తుంది. చమురుకు తడిసే రాయిలో నీరు జిడ్డు కంచం మీద లాగే బొట్లుగా తెగిపోతుంది. నీరుంటుంది, కానీ మీటరుకు చిక్కదు.

లెక్క చూడండి. పూర్తిగా నీరు నిండిన రాయి కంటే నిరోధం 16 రెట్లు వచ్చిందనుకుందాం. సూత్రంలో ఘాతాంకం 2 వేస్తే 16కు వర్గమూలం 4, అంటే నీరు నాలుగో వంతు, 25 శాతం. చమురుకు తడిసే రాయిలో ఆ ఘాతాంకం 4 దాకా కూడా పోవచ్చు. అప్పుడు 16కు నాలుగో మూలం 2, నీరు 50 శాతం! రీడింగు మాత్రం ఒక్కటే. చమురనుకొని కోట్లు పోసిన బావిలో నీళ్లు పడేది ఇలాంటప్పుడే.

అందుకే రాతి ముక్కను పైకి తీసి ల్యాబులో పరీక్షిస్తారు. అదీ జాగ్రత్తగానే, ఎందుకంటే ముక్కను కడిగే ద్రావకం కూడా దాని గుణాన్ని మార్చేయగలదు.