మధ్యాహ్నం మూడు గంటల సభ

సమస్య

మాది విజయనగరం. మా మావగారు పెట్టిన చిన్న సాంస్కృతిక సంఘం ఏటా డిసెంబరు మొదటి వారంలో మూడు రోజులు కళోత్సవం చేస్తుంది. పాటకచేరీలు, నాట్యం, ఏకపాత్రలు, ఒక పక్కన చిత్రకళా ప్రదర్శన. మా బావగారు అధ్యక్షులు. ఉత్తరాలు, భోజనాలు, బసలు నా నెత్తిన ఉంటాయి. ఈసారి డిసెంబరు 3, దివ్యాంగుల దినోత్సవం కూడా కలిసొస్తోంది కదా, వాళ్లలో కళాకారులను పిలుద్దామని నేనే అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ‘ప్రత్యేక ప్రతిభావంతుల సభ’ అని పెట్టి, రంగురంగుల కరపత్రం వేయించి వాట్సాప్‌లో పంపాం.

ఎవరూ పెద్దగా పలకలేదు. ఒక వయొలిన్ విద్వాంసుడికి నేనే ఫోన్ చేశాను. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. పిల్లలకు పాఠాలు చెబుతారు, ఊళ్లో మంచి పేరుంది, మా ఇంటికి బాగా తెలిసినవారు. “వదినా, సాయంత్రం కచేరీకి పిలిస్తే వస్తాను. మూడింటికి శాలువా కప్పించుకోవడానికి మాత్రం రాలేను. మీ కరపత్రం నా ఫోన్ చదవనే లేదు, మా అబ్బాయి చదివి వినిపించాడు” అన్నారు. వీల్‌చైర్ వాడే ఒక చిత్రకారిణేమో, బొమ్మలు పంపుతాను గానీ ఎంతిస్తారని అడిగింది. బావగారికి కోపం వచ్చింది. “అవకాశం ఇస్తున్నాం, భోజనం పెడుతున్నాం, పైగా డబ్బులా? అంత పొగరేంటి?” అన్నారు. ఆయన ఎదుట నేను నోరెత్తను. నిజం చెప్పొద్దూ, నాకూ మనసు చివుక్కుమంది. కార్యక్రమం మానేయమంటారా? మళ్లీ పిలవాలంటే ఏమని రాయాలి? ఉత్సవం స్థాయి తగ్గిపోతుందేమోనని సభ్యుల్లో గుసగుసలు కూడా ఉన్నాయి.

– పేరు వేయవద్దు, విజయనగరం

సలహా

మానేయకండి. ఆ మూడు గంటల సభను మాత్రం తీసేయండి.

మీకు వచ్చిన రెండు జవాబులనూ ఇంకోసారి చూడండి. ఒకరు వేళ అడిగారు, ఒకరు డబ్బు అడిగారు. ఏ కళాకారుడైనా ముందుగా అడిగేవి ఆ రెండే. పెద్ద ఊరి నుంచి వచ్చే గాయకుడు ‘ఏ రోజు, ఎన్నింటికి, ఎంత’ అన్నప్పుడు మీ బావగారికి పొగరు కనిపించి ఉండదు. మీ కరపత్రంలో వయొలిన్ అన్న మాట ఎక్కడైనా ఉందా? నాకు అనుమానమే. ఆయన ఏం వాయిస్తారో అడగకుండా, ఆయనకు ఏం లేదో చూసి పిలిచారు. అది ఆయనకు ఇట్టే తెలిసిపోయింది.

అదీ విజయనగరంలో! 1919లో మొదలైన మీ సంగీత కళాశాలలో వయొలిన్ చెప్పి, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు బాగా తక్కువ. ఇవాళ్టికీ జనం చెప్పుకునేది ఆయన కమాను సంగతి, ఆ నాదం సంగతి. కళ్ల మాట వస్తే గిస్తే చివర్లో వస్తుంది. మీ విద్వాంసుడు కోరిందీ ఆ వరసే.

డబ్బు విషయంలో ఆ అమ్మాయి పక్షాన నేను గట్టిగా నిలబడతాను. చేతులు వాడలేక నోటితో, కాళ్లతో బొమ్మలు వేసేవాళ్లకు 1950ల్లోనే యూరప్‌లో ఒక సంఘం ఏర్పడింది. పెట్టినవాడు ఎరిక్ స్టెగ్‌మన్, పోలియో వల్ల నోటితో వేసేవాడు. తమ బొమ్మలను గ్రీటింగ్ కార్డులుగా, క్యాలెండర్లుగా అమ్ముకుని బతకాలి గానీ దానాలు పట్టకూడదన్నది వాళ్ల పట్టుదల. ఆ సంఘంలో మన దేశపు చిత్రకారులు కూడా ఉన్నారు. దీన్ని పొగరంటారా? మీ పద్దుల పుస్తకం తీసి ఫ్లెక్సీలకు, శాలువాలకు, మెమెంటోలకు, ముఖ్య అతిథి కారుకు ఎంతవుతోందో ఒక కాగితం మీద కూడండి. ఆ కాగితం బావగారి చేతికివ్వండి. ఎదురు మాట్లాడక్కర్లేదు, అంకెలు మాట్లాడతాయి. మిగతా కళాకారులకు ఇచ్చే లెక్కలోనే వీళ్లకూ ఇవ్వండి. తోడు లేనిదే ప్రయాణం చేయలేని వారుంటే ఆ తోడు మనిషి టికెట్టు, భోజనం కూడా మీ ఖర్చే. ఎవరికీ ఏమీ ఇవ్వని ఉత్సవమైతే ఆ ముక్క అందరికీ ఒకేలా ముందే రాయండి, ఎవరూ తప్పు పట్టరు.

ఇక ఉత్తరం. డీటీపీ వాళ్లు కరపత్రాలను సాధారణంగా అను ఫాంట్లలో కొట్టి, బొమ్మగా మార్చి ఇస్తారు. చూపులేనివారి ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అలాంటి అలంకారపు బొమ్మ దగ్గర చేతులెత్తేస్తుంది. పీడీఎఫ్ పంపినా, ఆ అక్షరాలు యూనికోడ్ కావు కనుక అర్థంలేని గోల వినబడుతుంది. ఉత్తరాన్ని మామూలుగా ఫోన్‌లో టైపు చేసి మెసేజ్‌గా పంపండి. అదే విషయాన్ని మీ గొంతుతో చదివి వాయిస్ మెసేజ్ కూడా పెట్టండి. జవాబు ఎలా ఇచ్చినా పర్వాలేదని, రాసి పంపినా, మాట్లాడి పంపినా, సైగలతో వీడియో తీసి పంపినా తీసుకుంటామని చెప్పండి. ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు, ఎంత పారితోషికం, బొమ్మ అమ్ముడైతే డబ్బు ఎవరిది, రవాణాలో పాడైతే బాధ్యత ఎవరిది, ఎంపిక ఎవరు చేస్తారు – ఇవన్నీ అందులో ఉండాలి. మీ కష్టాల కథ రాసి పంపండి అనే వాక్యం ఉండకూడదు. చివర ఒక ప్రశ్న: ‘మీ ప్రదర్శన బాగా జరగడానికి మా వైపు నుంచి ఏం కావాలి?’ ఈ ప్రశ్న కళాకారులందరికీ పంపండి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ఇన్నాళ్లూ నోరు మెదపని మృదంగం మాస్టారు ఒకరు మీ జాబితాలో ఉండే ఉంటారు.

అడిగాక చేయాలి మరి. ర్యాంపు అంటే మెట్ల మీద వాల్చిన చెక్క పలక కాదు. మన దేశంలో పాటించే కొలత ఒకటికి పన్నెండు. మూడడుగుల వేదికకు ముప్ఫై ఆరు అడుగుల వాలు కావాలి. స్థలం లేకపోతే వేదికనే అడుగు ఎత్తుకు దించండి, పన్నెండు అడుగులతో సరిపోతుంది, వెనక వరసల వాళ్లు కాస్త మెడలు చాస్తారు. మనిషిని కుర్చీతో సహా నలుగురూ ఎత్తి సభ ముందు వేదికెక్కించే పని మాత్రం పెట్టుకోకండి. మరుగుదొడ్డి తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందో లేదో ముందురోజే తోసి చూడండి. వినికిడి లేనివారి కోసం సైగల భాష అనువాదకులను పిలిస్తే వాళ్ల మీద వెలుగు పడేట్టు నిలబెట్టండి, పాటల సాహిత్యం ముందే ఇవ్వండి. హాలు మున్సిపాలిటీదైతే కమిషనరు గారికి ఒక ఉత్తరం పెట్టండి. సాంస్కృతిక జీవితంలో వికలాంగులకు సమాన భాగం దక్కేలా చూసే బాధ్యతను 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ ప్రభుత్వాల మీద, స్థానిక సంస్థల మీద పెట్టింది.

స్థాయి తగ్గుతుందన్న గుసగుస ఉంది చూశారూ, దానికి మందు ఎంపికే. వచ్చినవన్నీ వినండి, చూడండి, నచ్చనివి వద్దనండి. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీకి 1950ల్లో చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా ఆయన కాగితం కత్తిరించి బొమ్మలు కూర్చాడు, గోడకు పలకల చిత్రం చేశాడు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆ పనిని కళాచరిత్ర జాలిపడి దాచుకోలేదు. బాగోలేని బొమ్మను పాపం అని గోడకు తగిలిస్తే, పక్కనున్న మంచి బొమ్మను కూడా జనం ఆ పాపం లెక్కలోనే చూస్తారు.

మీ వ్యాఖ్యాతతో కూడా ఒక మాట చెప్పాలి. ఇలాంటి సభల్లో మైకు దొరగ్గానే ‘మయూరి’ సినిమా ఎత్తుకుంటారు. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలుతో మళ్లీ ఆడి, 1985లో ఆ సినిమాగా వచ్చిన తన కథలో తానే నటించిన సుధాచంద్రన్ గొప్ప మనిషే. కానీ రాగం మొదలుపెట్టబోయే విద్వాంసుడికి ఆ ఉపోద్ఘాతం ఎందుకు? గురువు పేరు, వాయించబోయే కీర్తన చెప్పి దిగిపోమనండి.

కొత్త ఉత్తరం ఎవరికీ పంపకముందే ఆ వయొలిన్ ఆయనకు, ఆ చిత్రకారిణికి చదివి వినిపించండి. ఎంపిక కమిటీలో కూర్చోమని అడగండి, ఆ పనికీ ఎంతిస్తారో అప్పుడే చెప్పండి. రెండో రోజు సాయంత్రం ఆరున్నర వేళ ఆయనకు ఇవ్వగలరేమో బావగారితో తేల్చుకున్నాకే ఫోన్ ఎత్తండి. అయినా రానంటే బతిమాలకండి. సరేననకుండా కార్యక్రమ పత్రంలో ఆయన పేరు వేయకండి.